పలుచని పలకలో పొడవైన దారి: ఫ్రాక్టల్ నిర్మాణాలతో శబ్ద నిరోధం

(రికార్డింగు నుంచి రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడదాం.

ముందుగా ఒక సంఖ్య రాసుకోండి. 3.43. ఇరవై డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని 100తో భాగిస్తే 3.43 మీటర్లు. 100 హెర్ట్జ్ శబ్దానికి తరంగదైర్ఘ్యం అది. అంటే ఒక్క అల ఒక గది పొడుగంత ఉంటుంది. అదే 1000 హెర్ట్జ్ అయితే 34 సెంటీమీటర్లు. జెనరేటరు గుర్రుమనడం, ట్రాన్స్‌ఫార్మర్ హోరు, పెద్ద ఫ్యాను రొద, ఇవన్నీ మొదటి రకం. మనల్ని నిద్రపోనివ్వనివి ఇవే. ఎందుకు పోనివ్వవు? గది పొడుగున్న అలను ఐదు సెంటీమీటర్ల స్పాంజి ఏం చేయగలదు చెప్పండి? పక్కనుంచి చీమ వెళ్ళినంత కూడా తెలియదు దానికి.

ఇప్పుడు రెండు మాటలు విడదీసుకుందాం. ఇవి కలిసిపోతే ఈ రోజంతా చెప్పినా ఉపయోగం ఉండదు. శబ్దాన్ని పీల్చడం వేరు, శబ్దాన్ని ఆపడం వేరు. గదిలో ప్రతిధ్వని తగ్గించడం పీల్చడం. పక్క గదిలోది ఈ గదిలోకి రాకుండా చేయడం ఆపడం. స్పాంజి పీలుస్తుంది, ఆపదు. ఇనుప రేకు ఆపుతుంది, పీల్చదు. చాలామంది గోడకు స్పాంజి అంటించి, పక్కింటి శబ్దం తగ్గలేదేమిటని అడుగుతారు. తగ్గదు. అది దాని పని కాదు.

ఆపడానికి పాత సూత్రం ఒకటే, బరువు. గోడ బరువు రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ ఎక్కువ ఆగుతుంది. ఫ్రీక్వెన్సీ రెట్టింపైనా ఆరే. లెక్క చాలా సులువు. చదరపు మీటరుకు ఎన్ని కిలోలో దాన్ని ఫ్రీక్వెన్సీతో గుణించి, లాగరిథం తీసి, 20తో గుణించి, 47 తీసేయండి. 10 కిలోల బోర్డు 1000 హెర్ట్జ్ దగ్గర 33 డెసిబెల్స్ ఆపుతుంది. బాగానే ఉంది. అదే బోర్డు 100 హెర్ట్జ్ దగ్గర? 13. పదమూడే! దాన్ని 31 చేయాలంటే బరువు ఎనిమిది రెట్లు కావాలి, అంటే 80 కిలోలు. ఉన్న భవనం మీద ఆ బరువు ఎక్కడ మోపుతాం?

ఈ ఇబ్బంది దగ్గరే మెటామెటీరియల్ అక్కరకు వస్తుంది. 2000లో హాంగ్‌కాంగ్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో పింగ్ షెంగ్ బృందం ఒక పని చేసింది. సెంటీమీటరు వ్యాసమున్న సీసపు గుండ్లు తీసుకుని, ఒక్కోదానికి రెండున్నర మిల్లీమీటర్ల మెత్తటి సిలికోన్ రబ్బరు తొడిగి, వాటిని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో పొదిగారు. గుండు బరువు, రబ్బరు స్ప్రింగు. 400 హెర్ట్జ్ ప్రాంతంలో ఆ గుండ్లు ఊగడం మొదలుపెడితే ధ్వని దాటలేకపోయింది. ఆ ఫ్రీక్వెన్సీకి గాలిలో తరంగదైర్ఘ్యం 86 సెంటీమీటర్లు. గుండేమో ఒక్క సెంటీమీటరు. గమనించారా? అలకు తగినంత పెద్ద వస్తువు అక్కర్లేదు, అలతో కలిసి ఊగే చిన్న వస్తువు చాలు. మెటామెటీరియల్ అంటే ఇంతే. పదార్థంలో కొత్తదనమేమీ లేదు, సీసం సీసమే, రబ్బరు రబ్బరే. కొత్తదనం అమరికలో ఉంది.

సీసపు గుండ్లు బరువు కదా, మరి ఉత్త గాలినే ఊగించవచ్చా? ఊగించవచ్చు. ఒక చివర మూసిన గొట్టం తీసుకోండి. దాని పొడవు తరంగదైర్ఘ్యంలో పావు వంతు ఉంటే లోపలి గాలి అనునాదంలోకి వస్తుంది. 100 హెర్ట్జ్‌కు పావు వంతు ఎంత? 86 సెంటీమీటర్లు. గోడలోంచి 86 సెంటీమీటర్ల గొట్టాలు పొడుచుకు వస్తే ఎవరు ఒప్పుకుంటారు? అందుకే మడత.

మన పొట్టలో చిన్నపేగు సుమారు ఆరు మీటర్లు. పట్టింది ఎక్కడ? జానెడు పొట్టలో. ధ్వనికీ అదే ఉపాయం. ఇరుకైన కాలువలో ధ్వని కాలువ వెంబడే పోతుంది, మలుపు వస్తే మలుపు తిరుగుతుంది. కాలువ వెడల్పు తరంగదైర్ఘ్యం కంటే బాగా తక్కువ ఉన్నంతకాలం మలుపు ఉన్నట్టే దానికి తెలియదు. 2012లో జిక్సియన్ లియాంగ్, జెన్సెన్ లీ ఈ చుట్టలు తిరిగిన దారుల మీద పరిశోధన ప్రచురించాక ఈ రంగం ఊపందుకుంది.

మరి ఫ్రాక్టల్, అంటే ఒకే ఆకారం చిన్న చిన్న కొలతల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే అమరిక, ఎందుకు? ఉత్త పాము మెలిక పెట్టినా పొడవు వస్తుంది కదా? వస్తుంది. నిజం చెప్పాలంటే చాలా సందర్భాల్లో పాము మెలిక చాలు. ఫ్రాక్టల్ గొప్పతనం ఏమిటంటే, అది చోటును ఎక్కడా వదలకుండా నింపుతుంది, పైగా ఎంత పొడవు కావాలంటే అంతకు ఒకే నియమం ఉంటుంది. డేవిడ్ హిల్బర్ట్ 1891లో ఇచ్చిన వక్రం చూడండి. చదరాన్ని నాలుగు భాగాలు చేయి, నాలుగింటినీ ఒకే గీతతో కలుపు. ప్రతి భాగాన్నీ మళ్ళీ నాలుగు చేయి, మళ్ళీ కలుపు. ఒక్కో మెట్టుకు గీత పొడవు రెట్టింపవుతూ పోతుంది, చదరం మాత్రం అంతే ఉంటుంది. 2016లో హిల్బర్ట్ అమరికలతో మంద్రస్థాయి ధ్వనిని తగ్గించే పరిశోధన అప్లైడ్ ఫిజిక్స్ లెటర్స్‌లో వచ్చింది. ఆ తరవాత ఇదే దారిలో చాలామంది నడిచారు.

సంఖ్యలు చూద్దాం. పది సెంటీమీటర్ల చదరపు పలక. ఒకటో మెట్టులో కాలువ పొడవు 20 సెంటీమీటర్లు, రెండో మెట్టులో 40, మూడో మెట్టులో 80, నాలుగో మెట్టులో 160. కాలువకూ కాలువకూ దూరం మూడో మెట్టులో పన్నెండున్నర మిల్లీమీటర్లు, నాలుగో మెట్టులో ఆరుంపావు. ఒక చివర మూసి, రెండో చివర పలక ముఖం మీదికి తెరిస్తే, మూడో మెట్టు పలక 343ను నాలుగు ఎనభైలతో, అంటే 3.2తో భాగించగా, 107 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. నాలుగో మెట్టు పలక 54 హెర్ట్జ్ దగ్గర. 107 హెర్ట్జ్ అల పొడవు 3.2 మీటర్లు. పలక మందం చూస్తే రెండు మూడు సెంటీమీటర్లు. అద్భుతంగా ఉంది కదా? అయితే ఐదో మెట్టు, ఆరో మెట్టు వేసుకుంటూ పోతే ఇరవై హెర్ట్జ్ కూడా పట్టేయవచ్చా?

పట్టలేం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇది నెమ్మదిగా చెబుతాను.

గాలికి జిగట ఉంది. గోడను ఆనుకున్న గాలి కదలదు, దానికి కాస్త దూరంలో ఉన్నది కదులుతుంది. ఆ మధ్య పొర మందం 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 0.22 మిల్లీమీటర్లు. ఆ పొరలోనే ధ్వని శక్తి వేడిగా మారిపోతుంది. మనకు కొంత నష్టం కావాలి, ఎందుకంటే పీల్చడమంటే నష్టమే. కానీ ఎంత నష్టం? అదే ప్రశ్న. నియమం ఇది: కాలువ నోటి వైశాల్యం పలక మొత్తం వైశాల్యంలో ఎంత శాతమో, కాలువ పొడవునా జరిగే నష్టం కూడా దాదాపు అంతే శాతం ఉండాలి. రెండూ సమానమైతే వచ్చిన ధ్వని అంతా లోపలికి పోయి అక్కడే చచ్చిపోతుంది. నష్టం తక్కువైతే లోపలికి పోయింది తిరిగి బయటికి వస్తుంది. నష్టం ఎక్కువైతే? అసలు లోపలికే పోదు, నోటి దగ్గరే తిరుగు టపా. ఈ చివరిది చాలామందికి నమ్మబుద్ధి కాదు. నష్టం ఎక్కువైతే మంచిదే కదా అనుకుంటారు. కాదు.

లెక్క వేద్దాం. మూడో మెట్టు, గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు, కాలువ వెడల్పు 11, లోతు 12. నోరు 1.32 చదరపు సెంటీమీటర్లు, పలక 100. అంటే 1.32 శాతం. 107 హెర్ట్జ్ దగ్గర ఆ కాలువలో నష్టం 4.3 శాతం. మూడు రెట్లకు పైగా ఎక్కువ. పీల్చేది 72 శాతం. ఫరవాలేదు. ఇప్పుడు నాలుగో మెట్టు, అదే లోతు. కాలువ వెడల్పు 4.75 మిల్లీమీటర్లకు పడిపోయింది. నోరు 0.57 శాతం. నష్టం 10 శాతం దాటింది. పద్ధెనిమిది రెట్లు! పీల్చేది 20 శాతం. నాలుగింట మూడు వంతుల పైగా వెనక్కి కొట్టేసింది. అంత కష్టపడి గీసిన నాలుగో మెట్టు ఇలా తేలింది.

మూడో మెట్టుకే తిరిగి వచ్చి లోతు రెట్టింపు చేయండి, 24 మిల్లీమీటర్లు. నోరు 2.64 శాతం, నష్టం 3.3 శాతం. పీల్చేది 99 శాతం. చూశారా? మెట్టు పెంచడం కాదు, లోతు పెంచడం పని చేసింది. కాబట్టి ఎవరైనా మీకు ఆరో మెట్టు ఫ్రాక్టల్ బొమ్మ చూపిస్తే, అందం చూసి మురిసిపోకండి. కాలువ వెడల్పెంత అని అడగండి. మంద్రస్థాయికి నాలుగైదు మిల్లీమీటర్ల కంటే ఇరుకైతే అనుమానించండి.

ఎంత చెట్టుకు అంత గాలి

99 శాతం అన్నాను. ఎంత వెడల్పున? 107కు అటు నాలుగు, ఇటు నాలుగు హెర్ట్జ్. అంతే. ఆ హద్దు దగ్గరికే శోషణ సగానికి పడిపోతుంది. అదే పలక 120 హెర్ట్జ్ దగ్గర ఉత్త పలక. కాలువ బేసి రెట్ల దగ్గర, అంటే 320, 535 దగ్గర మళ్ళీ మోగుతుంది. కానీ అక్కడ పట్టీ, అంటే పీల్చే ఫ్రీక్వెన్సీల మేర, ఎంత వెడల్పో చూసుకోవాలి, దాన్నే నమ్ముకుని ఉండకూడదు.

పట్టీ వెడల్పు చేయాలంటే రకరకాల పొడవుల పలకలు పక్కపక్కన పెట్టాలి. సరే, తొమ్మిది రకాలు పెట్టాం అనుకోండి. ఒక్కో రకానికి నోటి శాతం తొమ్మిదో వంతు అయిపోతుంది. అప్పుడేం జరుగుతుంది? ఇందాకటి నష్టం లెక్క మళ్ళీ తప్పుతుంది. సరిచేయాలంటే లోతు పెంచాలి. లోతు పెంచితే మందం పెరుగుతుంది. ఈ చక్రం నుంచి తప్పించుకునే దారి ఉందా?

లేదు. లేదని 2017లో పింగ్ షెంగ్ బృందమే చూపించింది. కార్యం కంటే ముందు కారణం ఉండాలి, ఆ ఒక్క నియమం నుంచే కనీస మందానికి హద్దు వచ్చేస్తుంది. వెనక గట్టి గోడ ఉన్న ఏ శోషకానికైనా ఇది వర్తిస్తుంది. ఫ్రాక్టల్ అయినా సరే, స్పాంజి అయినా సరే. దాని ప్రకారం 100 నుంచి 200 హెర్ట్జ్ దాకా 90 శాతం పీల్చాలంటే కనీసం 10 సెంటీమీటర్ల మందం కావాలి. అదే 100 నుంచి 110 దాకా మాత్రమే చాలంటే? 1.8 సెంటీమీటర్లు. రెండు సంఖ్యలూ పక్కపక్కన రాసుకోండి. పదీ, ఒకటీ పాయింటు ఎనిమిదీ. మీ శబ్దం ఒకే స్వరంలో ఉందా, లేక అన్ని స్వరాల కలగాపులగమా, దాన్ని బట్టి మీకు ఫ్రాక్టల్ పలక పనికొస్తుందా లేదా తేలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు పనికొస్తుంది, ఎందుకంటే అది కరెంటు ఫ్రీక్వెన్సీకి సరిగ్గా రెట్టింపులో మోగుతుంది. 50 హెర్ట్జ్ కరెంటైతే 100. రోడ్డు మీది వాహనాల రొదకు పనికిరాదు. మూడు సెంటీమీటర్ల పలకతో మొత్తం మంద్రస్థాయిని పీల్చేస్తామని ఎవరైనా అంటే, ఆ మాట ఈ హద్దును దాటుతోందో లేదో మీరే లెక్క వేసుకోవచ్చు.

500 హెర్ట్జ్ పైన ఈ బాధంతా అనవసరం. ఐదు సెంటీమీటర్ల రాక్‌వూల్, అంటే రాతి నారల దుప్పటి, పెట్టండి, అయిపోతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. గాలి ఆడాలి, శబ్దం ఆగాలి అని, కాలువను రెండు చివర్లా తెరిచి పలకకు ఆ పక్కనుంచి ఈ పక్కకు దారి తీస్తారు. ఆలోచన బాగుంది. మెలికల దారిలో ధ్వని నెమ్మదిగా పోయినట్టు అవుతుంది, చాలా ఫ్రీక్వెన్సీల దగ్గర వెనక్కి కొడుతుంది. కానీ కాలువ పొడవు సగం తరంగదైర్ఘ్యమైన చోట ఏమవుతుంది? 80 సెంటీమీటర్ల కాలువకు అది 214 హెర్ట్జ్. అక్కడ పలక లేనట్టే, ధ్వని నేరుగా దాటిపోతుంది. 429 దగ్గర మళ్ళీ. రాపిడి వల్ల కొంత తగ్గుతుందే తప్ప కన్నం కన్నమే. అందుకని గోడకైతే మూసిన చివరే వాడండి. గాలి ఆడాలంటే దారిని తిన్నగా వదిలి, ఆ దారికి పక్కల నుంచి మూసిన కాలువలు తగిలించండి.

మిగతా ఫ్రాక్టల్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. కాక్ వక్రం లాంటి గరుకు అంచులున్న డ్రమ్ముల మీద బెర్నార్ సపోవాల్, సహ పరిశోధకులు 1991లో ప్రచురించారు. అంచు ఎంత గరుకైతే కంపనం అంత త్వరగా చచ్చిపోతుంది, కొన్ని కంపనాలు ఒక మూలకే పరిమితమైపోతాయి. ఇది రోడ్డు పక్క శబ్ద నిరోధక గోడల రూపకల్పన దాకా వెళ్ళింది. అది మనం చెప్పుకుంటున్న మడతకు వేరు, ఉపరితలం పెంచడం. ఇక 1970లలో మన్‌ఫ్రెడ్ ష్రోడర్ సంఖ్యా సిద్ధాంతంతో చేసిన డిఫ్యూజర్లు, వాటికి తరవాత వచ్చిన ఫ్రాక్టల్ రూపాలు. అవి ధ్వనిని చెదరగొడతాయి. చెదరగొట్టడం అంటే పీల్చడమూ కాదు, ఆపడమూ కాదు. స్టూడియోలో అందంగా ఉంటాయి, పక్క గదికి ఏ మేలూ చేయవు.

తయారీలో ఎక్కడ చెడుతుంది

ఇప్పుడు చేతిపనికి వద్దాం. మూడో మెట్టు పలక, 24 మిల్లీమీటర్ల లోతు, వెనకా ముందూ మూడేసి మిల్లీమీటర్ల పలకలు. మొత్తం 30 మిల్లీమీటర్లు. త్రీడీ ప్రింటర్‌తో చేస్తారనుకుందాం, పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో. 0.4 మిల్లీమీటర్ల నాజిల్ అయితే కాలువ గోడకు నాలుగు గీతలు పడేలా 1.6 మిల్లీమీటర్లు పెట్టండి. రెండు గీతలతో సరిపెడితే ఏమవుతుంది? గోడ గాలిని వదులుతుంది. కంటికి కనపడదు. కానీ హిల్బర్ట్ అమరికలో పక్కపక్క కాలువలు దారిలో ఎంత దూరమో ఆలోచించండి. గోడకు ఇటు పది సెంటీమీటర్ల దగ్గరి గాలి, అటు డెబ్బై సెంటీమీటర్ల దగ్గరి గాలి. గోడలో సూది మొనంత కన్నం ఉన్నా ధ్వని అడ్డదారి పట్టేస్తుంది. అప్పుడు 107కు బదులు ఎక్కడో మోగుతుంది, లేదా మోగనే మోగదు. పాము మెలికలో ఈ ప్రమాదం ఒక వరుసకే పరిమితం, హిల్బర్ట్‌లో కొన్ని చోట్ల కారితే చాలా పెద్ద అడ్డదారే. ఫ్రాక్టల్‌కు చెల్లించే మూల్యం ఇది.

మందు ఏమిటి? ప్రింటు అయ్యాక లోపల పలుచని ఎపాక్సీ పోసి, అన్ని వైపులా తిప్పి, మిగిలింది వంచేయండి. లోపల వేలాడే ప్లాస్టిక్ దారాలుంటే అంతకు ముందే తీసేయాలి. మూత విషయంలో ఇంకా జాగ్రత్త. మూత ప్రతి కాలువ గోడ తలనూ ఆనాలి, అంచుల్నే కాదు. నాలుగు మూలలా స్క్రూలు బిగించి మధ్యలో జిగురు వేయకపోతే, మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ ఉండి అన్ని కాలువలూ ఒకటైపోతాయి. ప్రతి గోడ తల మీదా జిగురు గీత పెట్టి, గాజు పలక మీద బోర్లించి, బరువు పెట్టి ఆరనివ్వండి. ఎండీఎఫ్ చెక్కను లేజర్‌తో కోసి పొరలుగా పేరుస్తారా? పేర్చండి, కానీ కోసిన అంచులు గాలిని పీలుస్తాయి, రెండు పూతలు వార్నిష్ తప్పదు.

ఇంకొకటి. మధ్య గీత వెంబడి కొలిచిన పొడవు ధ్వని నడిచే పొడవు కాదు. మలుపు దగ్గర ధ్వని లోపలి మూలను రాసుకుంటూ పోతుంది, మనం పందెంలో పరుగెత్తినట్టే. మూడో మెట్టులో డజన్ల కొద్దీ మలుపులు. కాబట్టి కొలిస్తే లెక్క కంటే కాస్త పైన వస్తుంది. అందుకని పలకను మొదటే 11 సెంటీమీటర్లకు గీయండి. కాలువ 88 సెంటీమీటర్లు అవుతుంది, లెక్కకు 97 హెర్ట్జ్. తరవాత మూసిన చివర్లో బొమ్మలు చేసే మట్టి కూరుతూ శ్రుతి చేయండి. ఒక సెంటీమీటరు పూడిస్తే హెర్ట్జ్ పైచిలుకు పైకి వస్తుంది. పొడవు తగ్గించడం తేలిక, పెంచడం కుదరదు. ఎప్పుడూ పొడవు వైపే తప్పు చేయండి.

వేడి సంగతి మరచిపోకండి. గాలి ఇరవై డిగ్రీల నుంచి నలభైకి పోతే ధ్వని వేగం మూడున్నర శాతం పెరుగుతుంది. 107 కాస్తా దాదాపు 111 అవుతుంది. మన పట్టీ ఎంత? అటు నాలుగు, ఇటు నాలుగు. అంటే పొద్దున 99 శాతం పీల్చిన పలక మధ్యాహ్నానికి సగానికి పడిపోతుంది. యంత్రం పక్కన పెడుతున్నారా? అక్కడి గాలి వేడి కొలిచి, ఆ వేడికి పొడవు లెక్క వేయండి.

కొలవడం ఎలా? ఐఎస్ఓ 10534-2 ప్రమాణం ప్రకారం రెండు మైకుల ఇంపెడెన్స్ ట్యూబ్, అంటే చివర్లో పలక పెట్టి ధ్వని ఎంత వెనక్కి వస్తుందో కొలిచే గొట్టం. మైకుల మధ్య దూరం చాలా చిన్నదైతే మంద్రస్థాయిలో రెండు మైకులకూ ఒకటే వినిపిస్తుంది, ఫలితం చెత్త. 100 హెర్ట్జ్‌కు 17 సెంటీమీటర్లు పెట్టండి. అప్పుడు పైన 900 హెర్ట్జ్ దాటి నమ్మకూడదు. రెండు దూరాలతో రెండుసార్లు కొలవడం మేలు. ట్యూబులో పలక చుట్టూ సందు ఉంటే ఆ సందే ఒక శోషకంలా నటిస్తుంది, కాబట్టి వాసెలీన్ గానీ మెత్తటి పుట్టీ గానీ పూయండి. అడుగు అడుగుకూ ఒక్కో హెర్ట్జ్ కొలవండి. మూడో వంతు ఆక్టేవ్ అనే వెడల్పాటి పట్టీల్లో కొలిస్తే ఎనిమిది హెర్ట్జ్ శిఖరం సగటులో కొట్టుకుపోతుంది. ఇది శోషణకు. దాటేది ఎంతో కావాలంటే నాలుగు మైకుల పద్ధతి, ఏఎస్‌టీఎం ఈ2611. గోడగా అమ్మేవాళ్ళు ఒకే సంఖ్య చెబుతారు, దాన్ని ఐఎస్ఓ 717-1 ప్రకారం 100 నుంచి 3150 హెర్ట్జ్ వరకు చూసి తీస్తారు. ఆ ఒక్క సంఖ్యలో మీ 107 హెర్ట్జ్ లాభం కనపడదు. నష్టమూ కనపడదు. పట్టీల వారీ పట్టిక అడిగి తీసుకోండి.

గోడలో ఎక్కడ పెట్టాలి

పీల్చే పలకతో ఆపడం ఎలా అని మీలో కొందరికి ఇప్పటికే అనుమానం వచ్చి ఉండాలి. రావాలి. మొదట్లోనే రెండూ వేరన్నాను కదా. రెండింటినీ కలిపే చోటు ఒకటుంది, జంట గోడ.

రెండు జిప్సం బోర్డులు, ఒక్కోటి చదరపు మీటరుకు 10 కిలోలు, మధ్యలో ఏడున్నర సెంటీమీటర్ల ఖాళీ. బోర్డు బరువు, గాలి స్ప్రింగు, మళ్ళీ బోర్డు బరువు. ఇది కూడా ఊగుతుంది. లెక్క ఇది: రెండు బరువుల విలోమాలు కూడండి, 0.2. ఖాళీతో, మీటర్లలో, భాగించండి. వర్గమూలం తీసి 60తో గుణించండి. 98 హెర్ట్జ్ వస్తుంది. అక్కడ జంట గోడ ఒంటి గోడ కంటే కూడా అధ్వాన్నం. ఇరుకైన గొయ్యి అది. ఇరుకైన గొయ్యికి ఇరుకైన పట్టీ ఉన్న పలక, ఇంతకంటే జత కుదిరే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

అలా అని 98కి శ్రుతి చేసిన పలక తెచ్చి ఖాళీలో పెట్టేస్తే పని చేయదు. ఎందుకు? పలక మందం మూడు సెంటీమీటర్లు. ఖాళీ ఏడున్నర నుంచి నాలుగున్నరకు తగ్గింది. పలకను ఒక బోర్డుకు అంటించారు కాబట్టి ఆ బోర్డు బరువు పెరిగింది. పీఎల్‌ఏ పలక చదరపు మీటరుకు సుమారు 11 కిలోలు, కాబట్టి 10 కాస్తా 21. మళ్ళీ లెక్క వేయండి: గొయ్యి 98 నుంచి 109కి జరిగింది! కాలువలోని గాలి కూడా కొంత మెత్తదనం ఇస్తుంది కాబట్టి అసలు చోటు ఇంకాస్త అటూ ఇటూ ఉంటుంది. పలకలను ముందు నోళ్ళు మూసి పెట్టి, గొయ్యి ఎక్కడుందో కొలిచి, అప్పుడు నోళ్ళు తెరిచి దానికి శ్రుతి చేయాలి. తెరిచాక ఒక గొయ్యి రెండు చిన్న గోతులుగా చీలుతుంది, ఊగేవి రెండు జతపడితే ఎప్పుడూ అంతే. ఆ రెండూ మరీ లోతుగా ఉంటే నోటి మీద పలుచని గుడ్డ అంటించి నష్టం కాస్త పెంచండి. ఇక్కడ నష్టం మన స్నేహితుడు.

ఇంకో నిజాయితీ లెక్క కూడా వేయాలి. ఆ 11 కిలోల పలకకు బదులు అంతే బరువుకు ఇంకో జిప్సం బోర్డు వేస్తే? గొయ్యి 98 నుంచి 84కి దిగుతుంది, పైన అన్ని చోట్లా బరువు లాభం వస్తుంది. మీకు బాధ పెట్టే స్వరం 84 దగ్గర లేకపోతే, రెండో బోర్డే మంచిది, చవక కూడా. పోలిక ఎప్పుడూ సమాన బరువుతో చేయాలి. ఖాళీ గోడతో పోల్చి మా పలక పది డెసిబెల్స్ తగ్గించింది అంటే ఆ మాటకు అర్థం లేదు.

సందుల గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. గోడలో ఒక శాతం వైశాల్యం తెరిచి ఉంటే, మిగతాది ఎంత గొప్పదైనా 20 డెసిబెల్స్ దాటదు. వెయ్యిలో ఒక వంతు తెరిచి ఉంటే 30. తలుపు కింద సందు చూడండి, స్విచ్ బోర్డు పెట్టె వెనక చూడండి, పైపు గోడను దాటే చోటు చూడండి. చిల్లి కుండకు బంగారు పూత పూస్తే నీళ్ళు నిలుస్తాయా? ముందు సీలెంట్, తరవాత ఫ్రాక్టల్.

ఇక్కడ ముందు వరుస నుంచి ఒక ప్రశ్న వచ్చింది, అందరికీ వినిపించేలా చెబుతాను. గాలి గొట్టంలో ఫ్యాను శబ్దానికి ఇవి వాడవచ్చా? వాడవచ్చు, బహుశా గోడ కంటే అక్కడే బాగా పని చేస్తాయి. ఫ్యాను రెక్కల స్వరం లెక్క తెలిసిందే కదా, నిమిషానికి తిరుగుళ్ళను 60తో భాగించి రెక్కల సంఖ్యతో గుణించాలి. 1450 తిరుగుళ్ళు, ఐదు రెక్కలు, 121 హెర్ట్జ్. కాలువ 71 సెంటీమీటర్లు ఉండాలి. పది సెంటీమీటర్ల చదరపు గొట్టానికి ఒక్క పలక తగిలిస్తే మూడు డెసిబెల్సే వస్తాయి, చాలదు. నాలుగు గోడలకూ ఒకే చోట నాలుగు తగిలించండి, ఎనిమిది తొమ్మిది వస్తాయి. రెండో వరుస కావాలంటే మొదటి వరుస పక్కనే పెట్టకండి, పావు తరంగదైర్ఘ్యం, అంటే 71 సెంటీమీటర్లు దూరంగా పెట్టండి. నోటి అంచులు గుండ్రంగా అరగదీయండి, లేకపోతే గాలి ఒరుసుకుని పోతూ ఈల వేస్తుంది. నోటి మీద సన్నని జాలీ గుడ్డ వేస్తే ఈలా తగ్గుతుంది, దుమ్మూ లోపలికి పోదు. ఆ గుడ్డను ఆరు నెలలకోసారి చూడండి, దుమ్ము పట్టి మూసుకుపోతే నష్టం పెరిగి మళ్ళీ నాలుగో మెట్టు కథే.

ఫ్యాను వేగం మార్చే డ్రైవు ఉందా అన్నది మీరు మొదట అడగాల్సిన ప్రశ్న. వేగం ఐదు శాతం తగ్గితే స్వరం 121 నుంచి 115కి దిగి పట్టీ దాటిపోతుంది. అలాంటి చోట మొదటి వరుస 121కి, రెండో వరుస 115కి శ్రుతి చేయండి. వేగం అంతకంటే ఎక్కువ మారేదైతే, లోపలి వైపు రాక్‌వూల్ పరిచిన పొడవాటి మామూలు సైలెన్సర్ పెట్టడమే సరైన పని.